లెక్కకు అర్థం చెప్పే కథ
వ్యాపార భావప్రసారంలో కథనానికి ఉన్న స్థానం

పంచతంత్ర కథలు మీరంతా చిన్నప్పుడు విన్నవే. అమరశక్తి అనే రాజు చదువు అబ్బని తన ముగ్గురు కొడుకులను విష్ణుశర్మకు అప్పగించడం, ఆరు నెలల్లో వారిని నీతిశాస్త్రంలో ప్రవీణులను చేస్తానని ఆయన మాట ఇవ్వడం మీకు గుర్తుండే ఉంటుంది. అందులో మొదటి భాగమైన మిత్రభేదం ఎవరి కథతో మొదలవుతుందో గుర్తుందా? వర్ధమానుడనే ఒక వర్తకుడి కథతో. అతడు సరుకుల బండ్లతో మధురకు ప్రయాణమవుతాడు. దారిలో అడవి మధ్య సంజీవకం అనే ఎద్దు కూలబడిపోతుంది. దాని కోసం కొన్నాళ్లు ఆగి, చివరకు కాపలా మనుషులను అక్కడ ఉంచి ముందుకు సాగుతాడు. అడవికి భయపడిన ఆ మనుషులు మర్నాడే వచ్చి, ఎద్దు చనిపోయిందని, దహనం కూడా చేశామని చెబుతారు. యజమాని నమ్ముతాడు. ఎద్దు మాత్రం బతికే ఉంటుంది.

వ్యాపారంలో కథనం గురించి చెప్పుకునేటప్పుడు ఈ చిన్న ఘట్టం రెండు విషయాలు గుర్తు చేస్తుంది. మొదటిది, నీతినీ వ్యవహారాన్నీ నేర్పడానికి విష్ణుశర్మ సూత్రాలకు తోడుగా కథలను ఎంచుకున్నాడు. రెండవది, దూరంగా ఉన్న యజమాని ఇతరులు చెప్పిన మాట మీదే నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. నేటి వ్యాపారంలోనూ పరిస్థితి ఇదే. వాటాదారు ఫ్యాక్టరీని చూడడు, బ్యాంకు మేనేజరు పొలాన్ని చూడడు, కొనుగోలుదారు వంటగదిని చూడడు. వారికి చేరేది ఎవరో చెప్పిన మాటే.

మన భాషలో "కథలు చెప్పకు" అంటే అబద్ధాలాడవద్దని అర్థం. కట్టుకథ, కాకమ్మ కథ అనే మాటలూ ఉన్నాయి. కాబట్టి మేనేజ్‌మెంట్ పుస్తకాలు "కథ చెప్పండి" అని సలహా ఇస్తే మనకు కొంచెం అనుమానం కలగడం సహజమే. ఆ అనుమానాన్ని వదులుకోనక్కర లేదు. కథ లెక్కలకు అర్థం చెబుతుంది, లెక్క కథకు సాక్ష్యం పలుకుతుంది, ఈ రెండూ కలిసి ఉన్నప్పుడే వ్యాపారంలో కథకు విలువ. దీన్ని కొన్ని నిజ సంఘటనల ఆధారంగా ఈ పాఠంలో పరిశీలిద్దాం.

1. కథ అంటే ఏది?

ఒక కంపెనీ తన వార్షిక నివేదికలో "ఈ ఏడాది మా అమ్మకాలు 12 శాతం పెరిగాయి" అని రాసిందనుకోండి. అది సమాచారం. "నాణ్యతే మా ప్రాణం" అని రాస్తే అది నినాదం. ఈ రెండూ కథలు కావు. కథకు కనీసం ఐదు అంగాలు కావాలి. ఒక మనిషి ఉండాలి. ఆ మనిషికి ఒక అవసరం లేదా కోరిక ఉండాలి. దానికి ఒక అడ్డంకి ఎదురవాలి. అప్పుడు అతడు ఒక నిర్ణయం తీసుకోవాలి. ఆ నిర్ణయం వల్ల ఏదో ఒకటి మారాలి.

వీటిలో చాలామంది వదిలిపెట్టే అంగం అడ్డంకి. తమ సంస్థ గురించి చెప్పేటప్పుడు ఎవరికైనా ఇబ్బందులు దాచాలనే అనిపిస్తుంది. కానీ అడ్డంకి లేని చోట నిర్ణయానికి విలువ లేదు. ఏ కష్టమూ లేకుండా అన్నీ సవ్యంగా జరిగిపోయాయని చెబితే వినేవారికి నేర్చుకోవడానికి ఏమీ మిగలదు, నమ్మడానికీ మనసొప్పదు.

2. ఒకరి కథ, లక్షల మంది లెక్క

కథకు అంత బలం ఎక్కడిది? దీనికి సంబంధించి డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ అనే ముగ్గురు పరిశోధకులు 2007లో ప్రచురించిన ఒక ప్రయోగం చెప్పుకోదగినది. ఒక సర్వేలో పాల్గొన్నందుకు కొందరికి ఐదు డాలర్లు ఇచ్చి, అందులోంచి ఆఫ్రికాలోని ఆకలి బాధితులకు ఎంతైనా విరాళం ఇవ్వవచ్చని చెప్పారు. ఒక బృందానికి లక్షల మంది పడుతున్న బాధను అంకెలలో చూపించారు. మరో బృందానికి మాలి దేశానికి చెందిన రోకియా అనే ఏడేళ్ల పాప గురించి చెప్పారు. మూడో బృందానికి పాప గురించీ చెప్పారు, అంకెలూ ఇచ్చారు.

అంకెలు మాత్రమే చూసినవారు సగటున 1.14 డాలర్లు ఇచ్చారు. రోకియా గురించి విన్నవారు 2.38 డాలర్లు, అంటే రెట్టింపుకు పైగా ఇచ్చారు. రెండూ చూసినవారు ఇచ్చింది 1.43 డాలర్లు మాత్రమే. అంటే పాప కథకు అంకెలు చేర్చినప్పుడు విరాళం పెరగకపోగా తగ్గింది.

ఈ ఫలితాన్ని రెండు విధాలుగా చదవవచ్చు. ఒక మనిషి ముఖం కనిపించినప్పుడు మన మనసు కదులుతుంది, లక్ష అనే అంకె అలా కదిలించదు. ఇది కథకు ఉన్న బలం. అదే సమయంలో, లక్షల మంది బాధ కంటే ఒక్కరి బాధ పెద్దదిగా కనిపించేలా కథ మన తూకాన్ని మార్చేయగలదు. ఇది కథ వల్ల వచ్చే ప్రమాదం. కథ చెప్పేవాడు బలాన్ని వాడుకుంటాడు. వినేవాడు ప్రమాదాన్ని గుర్తుంచుకోవాలి. మీరు జీవితంలో ఈ రెండు స్థానాల్లోనూ ఉంటారు.

3. రెండు రూపాయల చందాతో ఒక సినిమా

మన దేశంలో వ్యాపార ప్రయోజనానికి కథను వాడిన గొప్ప ఉదాహరణ గుజరాత్‌లోని ఆనంద్ నుంచి వచ్చింది. ఖేడా జిల్లా పాడి రైతులు తమ పాలకు న్యాయమైన ధర రావడం లేదని, మధ్య దళారులే లాభపడుతున్నారని ఆందోళన చేశారు. సర్దార్ పటేల్ సలహాతో, త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో 1946 డిసెంబరులో వారి సహకార సంఘం రిజిస్టరయింది. రోజుకు 247 లీటర్ల పాలతో మొదలైన ఆ సంఘమే తర్వాత అమూల్ పేరుతో పెరిగింది. 1949లో ఆనంద్ వచ్చిన డాక్టర్ వర్గీస్ కురియన్ దానికి సారథి అయ్యారు. ఆనంద్ పద్ధతిని దేశమంతటా విస్తరింపజేయడానికి 1970లో జాతీయ పాడి అభివృద్ధి బోర్డు "ఆపరేషన్ ఫ్లడ్" పథకాన్ని ప్రారంభించింది.

అక్కడ ఒక సమస్య ఎదురయింది. సహకార సంఘం అంటే ఏమిటో ఇతర రాష్ట్రాల రైతులకు ఎలా చెప్పాలి? బైలా నిబంధనలు, వెన్న శాతం, వాటా ధనం, ఏడాది చివర ఇచ్చే బోనసు, ఇవన్నీ ఉపన్యాసంలో చెబితే ఎంతమంది వింటారు? విన్నా ఎంతమంది నమ్ముతారు?

ఆ అవసరం నుంచి, దర్శకుడు శ్యామ్ బెనెగల్ ఆలోచన నుంచి 1976లో "మంథన్" అనే హిందీ చిత్రం వచ్చింది. బెనెగల్ హైదరాబాదులో పుట్టి, నిజాం కాలేజీలో చదివినవారు. చిత్రానికి పెట్టుబడి పెట్టినవారు గుజరాత్‌కు చెందిన ఐదు లక్షల మంది పాడి రైతులు. ఒక్కొక్కరు రెండు రూపాయలు ఇచ్చారు. మొత్తం పది లక్షల రూపాయలు. సినిమా విడుదల కాగానే తమ సినిమా తాము చూసుకోవడానికి రైతులు లారీలెక్కి పట్టణాలకు వచ్చారు. దానికి ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ పురస్కారం లభించింది. ఆ తర్వాత కురియన్ ఆ సినిమాను థియేటర్లతో సరిపెట్టలేదు. 16 ఎం.ఎం. ప్రింట్లు తీయించి, పశువైద్యుడు, పాల సాంకేతిక నిపుణుడు వంటి వారితో కూడిన బృందాల ద్వారా పల్లెల్లో ప్రదర్శించే ఏర్పాటు చేశారు. సినిమా చూసిన రైతు అడిగే ప్రశ్నకు జవాబు చెప్పగలిగే మనిషి అక్కడే ఉండేవాడు.

ఇందులో మనం గమనించవలసిన అంశాలు మూడు ఉన్నాయి.

ఒకటి, ఆ కథ కష్టాన్ని దాచలేదు. ఊళ్లో కులాల మధ్య దూరం, సర్పంచి పెత్తనం, పాల వ్యాపారి ఎత్తులు, పట్నం నుంచి వచ్చిన అధికారి మీద రైతుల అనుమానం, అన్నీ అందులో ఉన్నాయి. పల్లెలో కూర్చుని చూసే రైతుకు తన ఊరే కనిపించింది.

రెండు, ఆ కథలో చివరకు నిలబడినది అధికారి కాదు. పశువైద్యుడు డాక్టర్ రావు పాత్ర కథ ముగిసేసరికి ఊరు విడిచి వెళ్లిపోతుంది. సంఘాన్ని భుజాన వేసుకునేది ఊరివాడైన భోలా. "మీకు మేము మేలు చేస్తాం" అని చెప్పే కథకూ, "ఇది మీరే చేయగలరు" అని చెప్పే కథకూ ఉన్న తేడా ఇక్కడ తెలుస్తుంది. చాలా కంపెనీల ప్రకటనల్లో కంపెనీయే కథానాయకుడు. వినేవాడు కథలో తనను తాను చూసుకోగలిగితేనే అతడిలో కదలిక వస్తుంది.

మూడు, కథ వెనుక లెక్క ఉంది. సినిమా చూసి సంఘంలో చేరిన రైతుకు పాలు కొలిచి, వెన్న పరీక్షించి, దాని ప్రకారం డబ్బు చేతికిచ్చే ఏర్పాటు నిజంగా ఉంది. ఆ ఏర్పాటే లేకపోతే ఎంత మంచి సినిమా అయినా ఒక్క నెలలో పరువు పోగొట్టుకునేది.

4. సంస్థ లోపల కథ

కథ బయటివారికి చెప్పడానికే పనికొస్తుందని అనుకోకూడదు. సంస్థ లోపల కూడా దానితో మూడు పనులు జరుగుతాయి.

మొదటిది మార్పుకు ఒప్పించడం. 1996లో ప్రపంచ బ్యాంకులో స్టీఫెన్ డెన్నింగ్ అనే అధికారికి సమాచార వ్యవస్థను పరిశీలించే పని అప్పగించారు. ప్రపంచమంతటా బ్యాంకు సంపాదించిన అనుభవం ఫైళ్లలో పడి ఉందని, దాన్ని అందరికీ అందుబాటులోకి తేవాలని ఆయన చార్టులతో, వాదనలతో చెప్పి చూశారు. ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు ఆయన ఒక చిన్న సంఘటన చెప్పడం మొదలుపెట్టారు. 1995 జూన్‌లో ఆఫ్రికాలోని జాంబియా దేశంలో, రాజధానికి 600 కిలోమీటర్ల దూరంలో ఉన్న కమానా అనే చిన్న ఊళ్లో ఒక ఆరోగ్య కార్యకర్తకు మలేరియా చికిత్స గురించి సందేహం వచ్చింది. అతడు ఇంటర్నెట్‌లో అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం వెబ్‌సైటు తెరిచి జవాబు తెలుసుకున్నాడు. ఇంతే సంఘటన. ఆ తర్వాత డెన్నింగ్ ఒక ప్రశ్న వేసేవారు. పేదరికం మీద ఇంత జ్ఞానం ఉన్న ప్రపంచ బ్యాంకు ఈ దృశ్యంలో ఎక్కడ ఉంది?

ఈ ప్రశ్న విన్నవారి మనసులో వారి సొంత ఆలోచన మొదలయింది. అదే సంవత్సరం అక్టోబరులో బ్యాంకు అధ్యక్షుడు జేమ్స్ వుల్ఫెన్‌సన్ తమ సంస్థను జ్ఞాన బ్యాంకుగా తీర్చిదిద్దుతామని ప్రకటించారు. ఇలాంటి కథను డెన్నింగ్ స్ప్రింగ్‌బోర్డు కథ అన్నారు. ఈతగాడు పలక మీద నుంచి ఎగిరి దూకినట్లు, వినేవాడి ఆలోచన ఆ కథ మీద నుంచి ముందుకు దూకుతుందని దాని భావం. ఆ కథ చాలా చిన్నదని, వర్ణనలు లేవని గమనించండి. వర్ణన ఎక్కువైతే వినేవాడు కమానాలోనే ఉండిపోతాడు, తన కార్యాలయానికి తిరిగి రాడు.

రెండవది పనితనాన్ని పంచుకోవడం. జెరాక్స్ కంపెనీలో కాపీ యంత్రాలు బాగుచేసే టెక్నీషియన్ల పనిని జూలియన్ ఓర్ అనే మానవశాస్త్రవేత్త దగ్గరుండి పరిశీలించి, 1996లో ఒక పుస్తకం ప్రచురించారు. కంపెనీ ఇచ్చిన మాన్యువల్‌లో లేని చిక్కులు వచ్చినప్పుడు వారు ఒకరికొకరు చెప్పుకునే అనుభవాలే వారికి దారి చూపేవని ఆయన గమనించారు. భోజనాల వేళ "ఆ యంత్రం ఇలా మొరాయిస్తే నేను ఇలా చేశాను" అని చెప్పుకునే కబుర్లలోనే అసలైన విజ్ఞానం ఉండేది. మన ఊళ్లో మోటారు మెకానిక్ షెడ్డులో పని నేర్చుకునే కుర్రాడిని చూడండి. అతడి పాఠ్యపుస్తకం మేస్త్రీ చెప్పే పాత రిపేర్ల ముచ్చట్లే. వాటిని పని ఎగవేసి చెప్పుకునే కాలక్షేపం కబుర్లుగా చూసే సంస్థ తన విజ్ఞానాన్ని తానే పోగొట్టుకుంటుంది.

మూడవది విలువలను నిలబెట్టడం. 1959లో ముంబయిలోని గిర్‌గాఁవ్‌లో ఏడుగురు మహిళలు 80 రూపాయలు అప్పు తెచ్చుకుని, ఒక భవనం డాబా మీద అప్పడాలు చేయడం మొదలుపెట్టారు. అదే లిజ్జత్ పాపడ్ సంస్థ. అది వేల మంది మహిళలు పనిచేసే సంస్థగా ఎదిగినా, ఆ 80 రూపాయల కథను నేటికీ చెప్పుకుంటారు. కొత్తగా చేరిన సభ్యురాలికి ఆ కథ ఒక విషయం తెలియజేస్తుంది. ఇది అప్పుతో మొదలైన సంస్థే గానీ దానంతో మొదలైనది కాదు, ఇక్కడ పనిచేసేవారే యజమానులు. ఇదే మాటను నిబంధనల పుస్తకంలో చదివితే అంత త్వరగా మనసుకు పట్టదు.

5. ఒకే కారు, రెండు కథలు

ఇంతవరకు కథ పనిచేసిన సందర్భాలు చూశాం. మంచి కథే దారి తప్పిన సందర్భం కూడా తెలుసుకోవాలి. టాటా నానో కారు అందుకు ఉదాహరణ.

వానలో తడుస్తూ ఒక స్కూటరు మీద నలుగురు కుటుంబ సభ్యులు ప్రయాణించడం చూసి, వారికి అందుబాటు ధరలో సురక్షితమైన వాహనం ఎందుకు ఇవ్వకూడదన్న ఆలోచన తనకు వచ్చిందని రతన్ టాటా చెప్పేవారు. ఇందులో కథకు కావలసినవన్నీ ఉన్నాయి. మనుషులున్నారు, అవసరం ఉంది, అడ్డంకి ఉంది. దేశంలో ఆ దృశ్యం చూడనివారు లేరు. 2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో కారును ప్రదర్శించారు. ఖర్చులు పెరిగినా, డీలరు ధర లక్ష రూపాయలేనన్న మాటకు కట్టుబడుతున్నట్లు ఆయన అక్కడ ప్రకటించారు. 2009లో అది మార్కెట్‌లోకి వచ్చింది.

కానీ జనంలోకి వెళ్లిన కథ వేరు. పత్రికలు, టీవీ ఛానళ్లు, ప్రకటనలు "ప్రపంచంలోకెల్లా చౌకైన కారు" అన్నాయి. మొదటి కథలో స్కూటరు మీది కుటుంబానికి భద్రత, గౌరవం దక్కుతాయి. రెండో కథలో ఆ కుటుంబం చౌక కారు కొనుక్కున్న కుటుంబంగా మిగులుతుంది. మన సమాజంలో కారు కొనడమంటే నలుగురిలో ఒక మెట్టు ఎక్కడం. కొత్త కారు ముందు కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, పక్కింటివారికి మిఠాయి పంచే మనిషి, "ఇది అన్నిటికంటే చౌకైనది" అని చెప్పుకోవడానికి ఇష్టపడతాడా?

అమ్మకాలు తగ్గడానికి ఇదొక్కటే కారణమని చెప్పడం సరికాదు. బెంగాల్‌లోని సింగూరులో భూసేకరణపై ఆందోళన జరిగి, ఫ్యాక్టరీని 2008లో గుజరాత్‌లోని సాణంద్‌కు తరలించాల్సి వచ్చింది. కొన్ని కార్లకు నిప్పంటుకున్న వార్తలు భయం పుట్టించాయి. ధర కూడా క్రమంగా పెరిగింది. ఏడాదికి రెండున్నర లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ కట్టినా, ఏ ఒక్క ఏడాదిలోనూ లక్ష కార్లు అమ్ముడుపోలేదు. 2018లో ఉత్పత్తి దాదాపుగా ఆగిపోయింది. నానోను చౌకైన కారుగా ప్రచారం చేయడం పొరపాటని తర్వాతి కాలంలో రతన్ టాటాయే అన్నారు.

ఇందులోని పాఠం ఏమిటంటే, కథ చెప్పినవాడి చేతిలో ఉండిపోదు. వినేవాడు దాన్ని తన జీవితంలోకి తీసుకుని, "ఈ కథలో నేనెవరిని?" అని చూసుకుంటాడు. ఆ ప్రశ్నకు దొరికే జవాబు అతడికి గౌరవం ఇవ్వకపోతే, ధర ఎంత తక్కువైనా వెనక్కి తగ్గుతాడు.

6. కథ కోసం లెక్క మారితే

ఇక అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక. ఇది హైదరాబాదులోనే జరిగింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ బి. రామలింగరాజు కంపెనీ బోర్డుకు ఒక లేఖ రాశారు. కంపెనీ ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని అందులో ఒప్పుకున్నారు. సుమారు 53 వేల మంది ఉద్యోగులున్న కంపెనీ అది. ఇంజనీరింగ్ చదివే తెలుగు విద్యార్థులెందరో అందులో ఉద్యోగం రావాలని కలలు కన్న రోజులవి. ఒక్క రోజులో షేరు ధర కుప్పకూలింది. దాచుకున్న సొమ్ము పెట్టిన మదుపరులు, కొత్తగా చేరిన ఉద్యోగులు దిక్కుతోచని స్థితిలో పడ్డారు. ప్రభుత్వం కొత్త బోర్డును నియమించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని చేపట్టింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం రాజుతోపాటు మరికొందరిని దోషులుగా నిర్ధారించి శిక్ష విధించింది.

ఆ లేఖలో ఆయన తన స్థితిని పులి మీద సవారీతో పోల్చారు. దిగితే పులి తినేస్తుంది, దిగకుండా ఎంతకాలం కూర్చోగలం? ఆనాటి వార్తలు చదివినవారిని అడిగి చూడండి. 5,040 కోట్ల అంకె గుర్తున్నవారు తక్కువ మంది, పులి గుర్తున్నవారు ఎక్కువ మంది ఉంటారు. అంకె కంటే బొమ్మ మనసులో ఎలా నాటుకుంటుందో చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర లేదు.

అయితే ఇక్కడ మరో విషయం ఉంది. "కథలు మోసం చేస్తాయి, అంకెలు నిజం చెబుతాయి" అని మనం అనుకుంటాం. సత్యం విషయంలో అబద్ధమాడినవి అంకెలే. ప్రతి మూడు నెలలకూ ఎదుగుతూనే ఉన్న కంపెనీ అనే కథను మార్కెట్ వినాలనుకుంది. ఆ కథ ఆగకుండా సాగడం కోసం అంకెలను దానికి తగ్గట్టు దిద్దారు. ఎద్దు చనిపోయిందని యజమానికి చెప్పిన కాపలావాళ్లు గుర్తున్నారా? దహనం కూడా చేశామని వివరం జోడించారు. వివరం ఉన్నంత మాత్రాన అది నిజమైపోదు. వెళ్లి చూసేవారు ఉండాలి.

7. మంచి కథను కూర్చడం ఎలా?

ఇప్పుడు ఆచరణకు వద్దాం. ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. ఒక ఊళ్లో పదిమంది మహిళల డ్వాక్రా సంఘం పచ్చళ్లు చేసి అమ్ముతోంది. ప్యాకెట్లు సీలు చేసే యంత్రం కొనడానికి 60 వేల రూపాయల అప్పు కోసం బ్యాంకుకు వెళ్లింది. సంఘం లీడరు ఇలా చెప్పిందనుకోండి.

"సార్, మా పచ్చళ్లు చాలా నాణ్యంగా ఉంటాయి. మా సంఘంలో అందరూ కష్టపడతారు. అప్పు ఇప్పిస్తే బాగా అభివృద్ధి చేసుకుంటాం."

ఇందులో అబద్ధం లేదు. కానీ ఏ సంఘం వచ్చినా చెప్పే మాటలివే. అదే ఆమె ఇలా చెబితే?

"సార్, కిందటి దసరాకు పట్నంలో ఒక షాపువాళ్లు 200 కిలోల ఆవకాయ అడిగారు. చేతితో కట్టిన ప్యాకెట్లు లారీలో నూనె కారి 40 కిలోలు తిరిగొచ్చింది. కిలో 250 చొప్పున పదివేలు పోయింది. మానేద్దామన్నారు మావాళ్లు. మేం పక్క ఊళ్లో రోజుకు 1,500 కిరాయికి సీలు మిషను తెచ్చి మళ్లీ పంపాం. ఒక్క ప్యాకెట్టు కూడా తిరిగి రాలేదు. అప్పట్నుంచి ఏడాదిలో 30 రోజులు తెచ్చాం, 45 వేలు కిరాయికే పోయింది. సొంత మిషను 60 వేలు. ఆ కిరాయి మిగిలితే 16 నెలల్లో దాని ఖరీదు వచ్చేస్తుంది. ఇవిగో సార్, కిరాయి రసీదులు."

రెండో మాటలో మనిషి ఉంది, అడ్డంకి ఉంది, నిర్ణయం ఉంది, ఫలితం ఉంది. నష్టాన్ని దాచలేదు. పోయిన పదివేలు చెప్పడం వల్లే తర్వాతి మాటకు నమ్మకం వచ్చింది. చివర చేతిలో రసీదులున్నాయి. మేనేజరు కరెంటు ఖర్చెంత, వడ్డీ ఎంత అని అడగవచ్చు. అడగాలి కూడా. ఆ సంభాషణ మొదలవడమే కథ సాధించిన పని.

ఇలాంటి కథను సిద్ధం చేసుకునేటప్పుడు ఈ క్రమం పాటించండి.

మొదట, విన్నవారు ఏ నిర్ణయం తీసుకోవాలని కోరుతున్నారో ఒక వాక్యంలో రాసుకోండి. ఆ నిర్ణయానికి సంబంధం లేని సంఘటన ఎంత రసవత్తరంగా ఉన్నా పక్కన పెట్టండి.

తర్వాత, నిజంగా జరిగిన ఒక్క సంఘటనను ఎంచుకోండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి అనే మూడు ప్రశ్నలకు జవాబుండాలి.

అడ్డంకిని ఉన్నది ఉన్నట్లు చెప్పండి. తప్పు మీదైతే మీదేనని చెప్పండి.

సంఘటనకు పక్కనే దాని లెక్కను ఉంచండి. ఇది ఒక్కసారి జరిగిందా, తరచూ జరుగుతుందా అన్నది ఆ లెక్క వల్లే తెలుస్తుంది.

చివరగా, రెండు నిమిషాలకు మించకుండా చెప్పడం అభ్యాసం చేయండి. వినేవారు ప్రశ్న అడగడానికి సమయం మిగలాలి.

8. కథను పరీక్షించే నాలుగు ప్రశ్నలు

చెప్పేటప్పుడే కాదు, వినేటప్పుడు కూడా ఈ ప్రశ్నలు వేసుకోండి. పొదుపు పథకం గురించి చెప్పే ఏజెంటు, ఉద్యోగం ఇస్తామనే కంపెనీ, లాభాల గురించి చెప్పే స్నేహితుడు, ఎవరి మాట విన్నా ఇవి పనికొస్తాయి.

ఇది నిజంగా జరిగిందా? జరిగిందని చూపే కాగితమో, మనిషో ఉన్నారా?

ఇది అందరికీ జరిగేదా, ఒక్కరికే జరిగిందా? "మా పథకంలో చేరి ఒకాయన లక్షాధికారి అయ్యాడు" అంటే, చేరి డబ్బు పోగొట్టుకున్నవారు ఎందరు అని అడగాలి.

ఈ కథలో ఎవరు లేరు? ఎవరి మాట వినిపించలేదు?

కథలోని మనిషి తన గురించి చెప్పడానికి ఒప్పుకున్నాడా? ఒక కస్టమరు కష్టాన్నో, ఒక ఉద్యోగి పొరపాటునో పదిమందిలో చెప్పే ముందు అతడి అనుమతి తీసుకోవడం మర్యాద మాత్రమే కాదు, బాధ్యత.

9. మీ సొంత కథ

ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అనగానే చాలామంది విద్యార్థులు ఊరు, కాలేజీ, మార్కులు అప్పగిస్తారు. "నాకు నాయకత్వ లక్షణాలున్నాయి, నేను కష్టపడి పనిచేస్తాను" అని ముగిస్తారు. ఎదుటివారి దగ్గర మార్కుల జాబితా ఎలాగూ ఉంది. వారికి కావలసింది మీరు ఒక చిక్కులో పడినప్పుడు ఏం చేశారన్నది. కాలేజీ ఉత్సవంలో భోజనాలు చాలనప్పుడు ఏం చేశారు? ప్రాజెక్టులో తోటి విద్యార్థి మధ్యలో మానేస్తే ఆ పని ఎలా పూర్తయింది? ఇంట్లో చిన్న కిరాణా కొట్టు ఉంటే అరువు వసూలు చేయడంలో ఏం నేర్చుకున్నారు? వీటిలో ఒకటి నిజాయితీగా, క్లుప్తంగా చెబితే చాలు. ఇంగ్లీషు తడబడినా పరవాలేదు, సంఘటన మీదైతే మాట దానంతట అదే వస్తుంది. ఇతరుల కథను అరువు తెచ్చుకుంటే మాత్రం రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ముగింపు

విద్యార్థులారా! పిల్లలకు కథ చెప్పి చివర "కథ కంచికి, మనం ఇంటికి" అంటాం. వ్యాపారంలో అలా కుదరదు. ఖేడా రైతు కథ విన్న మరో రైతు సంఘంలో పాలు పోశాడు. సత్యం కథ నమ్మిన మదుపరి తన పొదుపును షేర్లలో పెట్టాడు. విన్నవారు తమ డబ్బును, శ్రమను, పిల్లల భవిష్యత్తును కథ మీద ఆధారపడి పణంగా పెడతారు. అందువల్ల కథ చెప్పిన తర్వాతే చెప్పినవారి బాధ్యత మొదలవుతుంది. రేపు మీరు ఏ సంస్థలో ఉన్నా, మీ మాట విన్నవారు వచ్చి పుస్తకాలు తెరిచి చూపమంటే సంకోచం లేకుండా చూపగలిగినప్పుడే ఆ కథ చెప్పండి.

ముఖ్యాంశాలు

కథకు మనిషి, అవసరం, అడ్డంకి, నిర్ణయం, మార్పు అనే ఐదు అంగాలు ఉండాలి.
ఒకరి కథ మనసును కదిలిస్తుంది, కానీ తూకాన్ని కూడా మార్చగలదు. అందుకే పక్కన లెక్క ఉండాలి.
వినేవారు కథలో తమను గౌరవంగా చూసుకోగలగాలి.
సంస్థ లోపల కథ మార్పుకు ఒప్పిస్తుంది, పనితనాన్ని పంచుతుంది, విలువలను నిలబెడుతుంది.
కథ కోసం లెక్కను మార్చడం మోసం.

ఆలోచించండి, చేయండి

1. మీ ఊళ్లో పదేళ్లకు పైగా నడుస్తున్న ఒక దుకాణం యజమానిని కలిసి, ఆయనకు ఎదురైన ఒక కష్టాన్ని, తీసుకున్న నిర్ణయాన్ని అడిగి ఒక పేజీలో రాయండి. ప్రచురించే ముందు ఆయన అనుమతి తీసుకోండి.
2. టీవీలో వచ్చే ఏదైనా ఒక ప్రకటన చూసి, అందులో కథానాయకుడు కంపెనీయా, కొనుగోలుదారుడా అన్నది చర్చించండి.
3. ఒక కంపెనీ వార్షిక నివేదికలో ఛైర్మన్ రాసిన మాటలను, అదే నివేదికలోని లెక్కలతో పోల్చి చూడండి. రెండూ ఒకే కథ చెబుతున్నాయా?